వేరుపాటుకు వెల: ఒంగోలు పల్లెల సాక్ష్యం

(యర్రగుంట్ల పేరయ్యగారి స్మారకోపన్యాసం, పూర్తి పాఠం)

యర్రగుంట్ల పేరయ్యగారి జ్ఞాపకార్థం మాట్లాడమని నిర్వాహకులు నా మీద పెట్టిన బరువు చిన్నది కాదు. పేరయ్య మఠాలు కట్టలేదు, గ్రంథాలు రాయలేదు. తోళ్ల బేరం మీద ఊళ్లు తిరిగిన మాదిగ ఆయన. రాజయోగంలో ఉపదేశం పొంది, తన చుట్టూ చేరినవారికి ఆ మార్గం బోధించిన సాధకుడు. ఆ బేరం మీదే తిరుగుతూ క్రీస్తు మాట విన్నాడు. 1866లో బాప్తిస్మం పొందాడు. ఆ తరువాత తన బంధువర్గంలోకి, తను తోళ్లు కొన్న పల్లెల్లోకి ఆ మాటను కాలినడకన మోసుకుపోయాడు. ఒంగోలు ప్రాంతపు సంఘ చరిత్రలో మొదటి పుటలు ఆయన అడుగులతో రాసినవి. అలాంటి మనిషి పేరిట జరిగే సభలో, ఆయన తరం తమ ఒంటి మీద మోసిన ఒక విషయాన్ని గురించే మాట్లాడడం ధర్మమనిపించింది. అది విశ్వాసి లోకం నుంచి వేరుగా ఉండడమనే విషయం.

మన ప్రసంగాల్లో ఇంత తరచుగా వినబడే మాట మరొకటి లేదు. ప్రత్యేక జీవితం అంటాం, వేరుపాటు అంటాం, లోకాశలు విడవాలంటాం. అయితే దేని నుంచి వేరు కావాలి, ఎందుకు వేరు కావాలి, వేరైనవాడు ఎక్కడ బతకాలి అన్న ప్రశ్నలను మాత్రం చాలాకాలంగా పక్కన పెట్టాం. ఈ సాయంత్రం నేను నిలబెట్టదలచిన వాదం ఒక్కటే. తెలుగు నేల మీద వేరుపాటు మొదట పుట్టినప్పుడు అది పొరుగువారి మీద ఏవగింపుగా పుట్టలేదు. తనను పట్టి ఉంచిన పట్టు నుంచి మనిషి తన చేతిని వెనక్కు తీసుకోవడంగా పుట్టింది. ఆ చెయ్యి వెనక్కు తీసుకున్నందుకు అతడు వెల చెల్లించాడు. ఎక్కడ ఆ వెల ఉందో అక్కడ వేరుపాటు నిజమైంది. వెల లేనిచోట అది ఒక సమాజపు ఆనవాలుగా, వేషంగా, చివరికి ఒక కొత్త కులంగా మిగిలింది.

ముందు మాట సంగతి చూద్దాం. హెబ్రీ లేఖనాల్లో పరిశుద్ధత అనే భావం మూలంలో ప్రత్యేకించి పెట్టడమనే అర్థాన్ని మోస్తుంది. ఒక దినాన్ని, ఒక పాత్రను, ఒక జనాన్ని మామూలు వాడకం నుంచి తీసి దేవుని పనికి కేటాయించడం అది. ఇక కొత్త నిబంధన లోకం అని చెప్పేటప్పుడు వాడే గ్రీకు మాట కోస్మోస్. దానికి అమరిక, ఏర్పాటు అనే అర్థం ఉంది. యోహాను పేరు మీద ఉన్న రచనలు చదివేవారిని ఒక చిక్కు ఎదుర్కొంటుంది. సువార్త మూడవ అధ్యాయం దేవుడు లోకాన్ని ప్రేమించాడంటుంది. మొదటి పత్రిక రెండవ అధ్యాయం విశ్వాసిని లోకాన్ని ప్రేమించవద్దంటుంది. ఒకే మాట, ఎదురెదురుగా రెండు వాక్యాలు. మొదటి చోట లోకమంటే మనుషులు. రెండవ చోట లోకమంటే ఆ మనుషులను పట్టి నడిపించే ఏర్పాటు, అంటే ఆశ, చూపు, గర్వం. ఈ తేడా జారిపోయిన ప్రతి కాలంలోనూ సంఘం ప్రేమించవలసిన మనుషులకు దూరమై, విడవవలసిన ఏర్పాటుతో చెయ్యి కలిపింది. అదే సువార్త పదిహేడవ అధ్యాయంలో, సిలువకు ముందు రాత్రి చేసిన ప్రార్థనలో, తనవారిని లోకంలోంచి తీసుకుపొమ్మని ప్రభువు అడగలేదు. లోకంలో ఉంచి, కీడు నుంచి కాపాడమని అడిగాడు. వేరుపాటును గురించి ఏ సిద్ధాంతం చెప్పేవారైనా ఈ ప్రార్థన దగ్గరికి వచ్చి సమాధానం చెప్పుకోవాలి.

తొలి శతాబ్దాల సంఘానికి ఈ తేడా తెలుసు. రెండవ శతాబ్దంలో పేరు తెలియని ఒక రచయిత దియొగ్నేతు అనే వ్యక్తికి రాసిన పత్రికలో, క్రైస్తవులకు వేరే ఊరు లేదని, వేరే భాష లేదని, వేరే తిండి బట్ట లేవని, ఉన్న ఊళ్లోనే పరవాసుల్లా బతుకుతారని వివరించాడు. వేరే బట్ట లేని ఆ మనుషులు మరి ఎక్కడ తేలిపోయేవారు? వృత్తుల దగ్గర. మూడవ శతాబ్దం నాటి సంఘ క్రమాలు బాప్తిస్మానికి వచ్చేవాణ్ణి ముందుగా అడిగిన ప్రశ్నల్లో ఒకటి, నీ పని ఏమిటి అన్నది. విగ్రహాలు చెక్కేవాడు, వేశ్యాగృహం నడిపేవాడు, జనం కేరింతల మధ్య మనుషులను చంపే మల్లుడు తమ పని మానుకోవాలి, లేదా వెనక్కు వెళ్లాలి. కార్తేజిలోని తెర్తుల్లియను ఈ గీత ఇంకా బిగించాడు. ఆయన కరకుదనాన్ని నేను సమర్థించను, కానీ ఆయన అడిగినది మాత్రం జీతం దగ్గర, కడుపు దగ్గర అడిగాడు. 313లో రోమా సామ్రాజ్యం హింస మానింది. 380లో క్రైస్తవ్యాన్నే రాజ్యమతం చేసింది. అప్పటిదాకా సంఘం చుట్టూ ఉన్న గీత చెరిగిపోయింది. చక్రవర్తి మతం తీసుకోవడానికి వెల అక్కరలేదు, పైగా లాభముంది. ఆ కాలంలోనే ఐగుప్తు ఎడారుల వైపు వేలమంది నడవడం కాకతాళీయం కాదు. వారు ఊరు విడిచింది మనుషులంటే గిట్టక కాదు. ఊరి సంఘంలో వెల పోయిందని వారికి తోచింది.

ఎడారిని ఊళ్లోకి తీసుకురావాలని చూసినవారు 16వ శతాబ్దపు అనబాప్తిస్టులు. 1527 ఫిబ్రవరిలో స్విట్జర్లాండులోని ష్లైట్‌హైంలో వారు ఏడు అంశాల ఒప్పుదల రాసుకున్నారు. అందులో నాలుగవది పూర్తిగా లోకం నుంచి వేరుపాటు గురించే. దాన్ని రాసినవారిలో ముఖ్యుడైన మిఖాయేల్ సాట్లర్‌ను ఆ మే నెలలోనే సజీవంగా తగులబెట్టారు. వెల గురించి వారికి ఎవరూ పాఠం చెప్పనక్కరలేదు. అయితే ఆ వంశవృక్షంలోని ఒక కొమ్మ తరువాత ఏమైందో మనం శ్రద్ధగా చూడాలి. మెన్నోనైట్లుగా పేరుపడ్డ వారు 18వ శతాబ్దం చివర రష్యా సామ్రాజ్యపు దక్షిణ మైదానాలకు వలస వెళ్లారు. అక్కడ సొంత ఊళ్లు, సొంత బళ్లు, సొంత భాష. ఇంతకంటె సంపూర్ణమైన వేరుపాటు ఊహించలేం. అయినా 19వ శతాబ్దం నడిమికి వచ్చేసరికి ఆ ఊళ్లలో భూమి ఉన్నవాడికే ఓటు ఉంది. భూమి లేనివారు ఏటేటా పెరిగారు. సంఘ సభ్యత్వం పుట్టుకతో వచ్చే హక్కయింది. చుట్టూ గోడ చెక్కుచెదరలేదు, లోకం మాత్రం గోడ లోపలే కాపురం పెట్టింది. ఆ చల్లదనం భరించలేక 1860లో కొన్ని కుటుంబాలు విడిపోయి మెన్నోనైట్ బ్రదరన్ సంఘంగా ఏర్పడ్డాయి. ఈ కథ మనకెందుకంటే, ఆ చిన్న సంఘం రష్యా నుంచి పంపిన అబ్రహాం ఫ్రీజన్ దంపతులు 1890 నాటికి నల్లగొండ చేరి, అమెరికన్ బాప్టిస్టులతో కలిసి పనిచేశారు. వారి వెనుక వచ్చిన అమెరికా మెన్నోనైట్ బ్రదరన్ వారి పని పాలమూరు జిల్లాలోకి పాకింది. ష్లైట్‌హైం ఒప్పుదలకు, తెలంగాణలోని ఒక సంఘపు ఆదివారం ఆరాధనకు మధ్య ఇలా నేరుగా ఒక దారి ఉంది. ఆ దారి నేర్పే పాఠం, గోడ కట్టినంత మాత్రాన వేరుపాటు కాదని.

ఇక మన పల్లెలకు వద్దాం. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లఫ్ 1866లో ఒంగోలు వచ్చాడు. 1867 జనవరి 1న ఎనిమిది మందితో సంఘం ఏర్పడింది. పేరయ్య పిలుపు మీద ఆ నెలలోనే పడమటి పల్లెల్లో బాప్తిస్మాలు మొదలయ్యాయి. వచ్చేవారు ఎక్కువగా మాదిగలు, చదువు లేనివారు. వారికి నేర్పిన నియమాలు మూడు. ఆదివారం పని చెయ్యకూడదు. చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు. విగ్రహాలను కొలవకూడదు. పైపైన చూస్తే ఇవి ఒక విదేశీ బోధకుడు తన దేశపు అలవాట్లను పేదల నెత్తిన రుద్దినట్టుంటాయి. అలా రాసినవారూ ఉన్నారు. కానీ ఆనాటి ఊరి ఏర్పాటులో ఈ మూడు నియమాలు ఎక్కడ తగిలాయో చూస్తే బొమ్మ మారిపోతుంది.

చచ్చిన గొడ్డు సంగతి చూడండి. రైతు కొట్టంలో ఎద్దు చనిపోతే కబురు మాదిగపల్లెకు వెళ్లేది. వచ్చి ఈడ్చుకుపోవాలి, తోలు ఒలవాలి, ఆ తోలుతో రైతుకు చెప్పులు, కపిల బావికి తోలు సంచి, కాడికి వారు చేసి ఇవ్వాలి. ప్రతిఫలంగా కళ్లంలో మేర కొలిచేవారు. ఆ గొడ్డు మాంసం కూడా ఆ కూలిలో భాగమే. ఊరంతా తాకని మాంసాన్ని తినక తప్పని స్థితిలో ఒక జనాన్ని పెట్టి, అది తింటారు గనుక వారిని తాకరాదని అదే ఊరు తీర్పు చెప్పింది. ఆ ముద్దను తోసేసిన రోజున మాదిగ కుటుంబం ఆకలినీ కోరి తెచ్చుకుంది, అంటరానితనానికి ఊరు చెప్పుకునే ఒక సాకునూ లాగేసింది. ఆదివారం నియమం ఇంకా లోతుగా తగిలింది. వెట్టివాడికి తన దినమంటూ లేదు. కేక వినబడితే కదలాలి. ఏడు రోజుల్లో ఒక రోజు నేను రానని అతడు చెప్పడమంటే, తన ఒంటికి ఆసామి కాక వేరే యజమాని ఉన్నాడని నడివీధిలో ప్రకటించడమే. కోతల కాలంలో ఆ మాట రైతుకు ఎలా వినబడి ఉంటుందో ఊహించవచ్చు. ఇక మూడవ నియమం డప్పు దగ్గర తేలింది. పోలేరమ్మ జాతరకు, ఊరేగింపుకు డప్పు కొట్టడం మాదిగ విధి. నిప్పుల సెగకు తోలు బిగించి, ఒక చేత సిర్ర, ఒక చేత సిటికెన పుల్ల పట్టి, తాను గుడి మెట్టు ఎక్కలేని దేవతకు తెల్లవార్లు వాయించాలి. విశ్వాసి ఆ డప్పు కింద పెట్టాడు.

ఆ తరువాత జరిగినది క్లఫ్ జీవిత కథలో విపులంగా ఉంది. బావి నీళ్లు బందయ్యాయి. ఊరి బజారులో అడుగు పెట్టవద్దన్నారు. మేరలు ఆపారు. తప్పుడు కేసులు బనాయించారు, కొట్టారు. మూడు చిన్న నియమాలకు ఊరు ఇంతగా ఎందుకు ఉలిక్కిపడింది? విగ్రహారాధన గురించిన తాత్త్విక భేదం కరణానికి, మునసబుకు నిద్ర పట్టకుండా చెయ్యలేదు. శ్రమ, తిండి, మర్యాద అనే మూడు తాళ్లతో కట్టిన ఏర్పాటు ఒకేసారి మూడు చోట్ల తెగుతోందని వారికి అర్థమైంది. మన వేదాంత గ్రంథాల కంటె ముందుగా, లోకం అనే మాటకు యోహాను ఉద్దేశించిన అర్థం ఆ గ్రామ పెద్దలకు తెలిసిందని నేననుకుంటాను.

ఇక్కడ ఒక విషయం మరువరాదు. బాప్తిస్మం పొందినవారిని క్లఫ్ మిషన్ ఆవరణలో కాపురం పెట్టించలేదు. వారి పల్లెలకే పంపాడు. దేశంలో చాలాచోట్ల విశ్వాసులు మిషన్ బంగళా నీడకు చేరి, అక్కడి కొలువులతో బతికారు. వారిని తప్పుపట్టలేం, తరిమినవారికి తలదాచుకునే చోటు కావాలి. కానీ ఒంగోలులో వేరుపాటు, అదే పల్లెలో, అదే ఆసామి పొలం గట్టు మీద, అవే చుట్టరికాల మధ్య సాగింది. పదిహేడవ అధ్యాయపు ప్రార్థనకు ఇంతకంటె దగ్గరి వ్యాఖ్యానం నాకు తెలియదు.

వెల చెల్లించినది పేదలు మాత్రమే కాదు, మిషన్ కూడా చెల్లించింది. ఒంగోలు పట్టణంలోని పైకులాల పెద్దలు మొదట మిషన్ బడిని ఆదరించారు. మాదిగలు సంఘంలోకి రావడం మొదలుకాగానే, వారిని దూరం పెడితేనే తాము దగ్గరగా ఉంటామన్న మాట వచ్చింది. క్లఫ్, ఆయన భార్య ఎవరికి వారుగా ప్రార్థనలో బైబిలు తెరిస్తే, ఇద్దరికీ కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలోని ఒకే భాగం కనబడిందని ఆయన చెప్పుకున్నాడు. జ్ఞానులను కాక లోకం నీచంగా ఎంచినవారిని దేవుడు ఏర్పరచుకున్నాడనే భాగమది. బడి ఖాళీ అయింది, మిషన్ తన నిర్ణయం మీద నిలిచింది. తరువాత 1876 నుంచి 1878 దాకా మద్రాసు రాజధానిని ఊడ్చేసిన ధాత కరువు వచ్చింది. అమెరికాలో సర్వేయరుగా పనిచేసిన క్లఫ్ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని, మతం అడక్కుండా వేలమందికి పని చూపించాడు. ఆ కాలమంతా బాప్తిస్మాలు ఆపేశాడు. గంజి కోసం విశ్వాసంలోకి వచ్చారన్న నింద వారి మీద పడకూడదని ఏడాదికి పైగా తలుపు మూసి ఉంచడం, సంఖ్యలను ప్రేమించే ఏ సంస్థకైనా కష్టమే. విజయం అనే లోకపు కొలత నుంచి వేరుకావడం కూడా వేరుపాటే.

ఇప్పుడు ఆక్షేపణలు వినాలి. అన్నిటికంటె బలమైనది డప్పు గురించి. డప్పు ఒక జాతి కళ కదా, దాన్ని వదిలించి క్రైస్తవ్యం మాదిగ బిడ్డను తన తాత చేతుల నుంచి వేరు చేసింది కదా అని అడుగుతారు. ఈ ప్రశ్నను తేలిగ్గా తోసెయ్యడం అన్యాయం. ఒంగోలు ఉన్న అదే ప్రకాశం జిల్లాలో, ఈదుమూడిలో, 1994 జూలైలో మాదిగ దండోరా ఉద్యమం పుట్టింది. ఏ డప్పును తాతలు కింద పెట్టారో ఆ డప్పునే మనుమలు ఆత్మగౌరవపు గుర్తుగా భుజానికి ఎత్తుకున్నారు. ఈ రెంటికీ వైరం ఉందని నేను అనుకోను. 1870లలో కింద పెట్టినది ఊరు కొట్టమంటే కొట్టక తప్పని డప్పు. 1994లో ఎత్తినది తన సభకు తానే కొట్టుకున్న డప్పు. తోలు ఒకటే, దరువు ఒకటే, చేతి మీద అధికారం ఎవరిదన్నదే మారింది. మొదటి తరం చెయ్యి వెనక్కు తీసుకోకపోతే, ఆ చెయ్యి ఎవరిదో తేలేది కాదు. అయితే ఆక్షేపణలో ఒక భాగాన్ని ఒప్పుకోవాలి. వెట్టి పోయిన తరువాత కూడా వాయిద్యాన్నే అపవిత్రంగా చూసి, క్రీస్తు కీర్తనకు దరువెయ్యడానికి దాన్ని ఆలయం లోపలికి రానివ్వని సంఘాలు, కారణం మరచి నియమాన్ని మాత్రం పట్టుకున్నాయి.

ఈ పొరపాటు ఎంత దూరం పోగలదో గుర్రం జాషువ జీవితం చెబుతుంది. వినుకొండలో క్రైస్తవ కుటుంబంలో 1895లో పుట్టిన ఆ మహాకవి పురాణ కావ్యాలు చదువుతున్నాడని, పద్యం రాస్తున్నాడని మత పెద్దలు ఆయనను వెలివేశారు. ఊరు అంటరానివాడన్నది, సంఘం లోకసంబంధి అన్నది. తెలుగు పద్యమే లోకమైనట్టు! వేరుపాటు పేరిట జరిగిన తప్పుల్లో నన్ను ఎక్కువగా బాధించేది ఇది. ఆ కవి మాత్రం క్రీస్తును వదలలేదు. ఆయన రాసిన క్రీస్తు చరిత్రకు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. జాషువ పుట్టకముందే జీవించిన పురుషోత్తమ చౌదరి, బ్రాహ్మణ్యం విడిచి 1833లో బాప్తిస్మం పొందినవాడు, జందెం తీసేశాడు గాని రాగాన్ని, తాళాన్ని, తెలుగు కీర్తన నడకను తీసెయ్యలేదు. ఈనాటికీ పల్లె సంఘాల్లో ముసలివారు కళ్లు మూసుకుని పాడేవి ఆయన కీర్తనలే. ఏది విడవాలో ఏది విడవనక్కరలేదో చౌదరికి స్పష్టంగా తెలిసింది. తన జన్మ తనకిచ్చిన పెత్తనాన్ని విడిచాడు. తన నేల తనకిచ్చిన పాటను ప్రభువు పాదాల దగ్గర పెట్టాడు.

రెండవ ఆక్షేపణ పౌర జీవితం గురించి. వేరుపాటు మాట్లాడేవారు దేశంలో వేరు కుంపటి పెడతారన్న అనుమానం పాతదే. దీనికి మన నేల మీదే జవాబుంది. 1912 డిసెంబరు 29న దోర్నకల్ బిషప్పుగా అభిషేకం పొందిన వేదనాయగం శామ్యూల్ అజరయ్య, ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి పొందిన తొలి భారతీయుడు. మురికి, రోగం, అప్పు, తాగుడు అనే నాలుగు దయ్యాలతో పోరాడాలని ఆయన తన పల్లె సంఘాలకు చెప్పేవారు. తాగుడును వెళ్లగొట్టే విషయంలో ఆయనంత కచ్చితమైన వేరుపాటువాది అరుదు. అదే అజరయ్య, క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు ఇవ్వజూపితే వద్దన్నారు. సంఘం ఒక ఓట్ల గుంపుగా మారితే దాని సాక్ష్యం చచ్చిపోతుందని ఆయన భయం. దోర్నకల్‌లో ఆయన కట్టించిన ఆలయం చూడండి. హిందూ దేవాలయపు స్తంభాలు, ముస్లిం కట్టడాల గుమ్మటాలు, తోరణాలు కలిసి అక్కడ క్రీస్తు ఆరాధనకు నిలబడ్డాయి. రౌండ్ టేబుల్ సమావేశాల్లో కె.టి. పాల్, ఎస్.కె. దత్తా కూడా ప్రత్యేక నియోజకవర్గాలను వ్యతిరేకించారు. రాజ్యాంగ సభలో హరేంద్ర కుమార్ ముఖర్జీ, ఫాదర్ జెరోం డిసౌజా వంటివారు మతపరమైన సీట్ల రిజర్వేషన్‌ను వదులుకోవడానికి ముందుకు వచ్చారు. ఆత్మలో వేరైనవారికి రాజకీయంలో వేరు గోడ అక్కరలేకపోయింది.

మూడవ ఆక్షేపణ సంఘం లోపలి నుంచే వస్తుంది. ప్రభువు విశ్వాసులను ఉప్పుతో పోల్చాడు, దేవుని రాజ్యాన్ని పులిపిండితో పోల్చాడు. కలిసిపోవడం వాటి స్వభావం కాబట్టి, వేరుపాటు బోధ పాత పరిసయ్యుల దారి కదా అంటారు. ఉప్పు కలుస్తుంది, నిజమే. కాని కలిసిన తరువాత కూడా ఉప్పగా ఉంటేనే అది ఉప్పు. పరిసయ్యుల తప్పు వేరుగా ఉండడం కాదు, తేలికైన వాటి దగ్గర వేరుగా ఉండడం. పుదీనాలో, జీలకర్రలో దశమభాగం లెక్కపెట్టి, న్యాయాన్ని, కనికరాన్ని విడిచారని ప్రభువు వారిని గద్దించాడు. మన పుదీనా, జీలకర్ర ఏవో మనకు తెలుసు. నగ పెట్టుకోకూడదు, పూలు ముడవకూడదు, సినిమా చూడకూడదు. నిరాడంబరత్వాన్ని నేను తక్కువ చెయ్యను. 1950లో హైదరాబాదులో హెబ్రోను స్థాపించిన భక్తసింగ్‌గారి సహవాసాల్లో, తెల్లని నూలుబట్టలు కట్టుకుని, చాపల మీద వరుసగా కూర్చుని, ఏ కులం నుంచి వచ్చినవారైనా ఒకే పంక్తిలో భోంచేస్తారు. అక్కడ ఆ నిరాడంబరత్వం కులపు పంక్తి భేదాన్ని తెంచే పనిలో భాగం. అదే నియమం ఆ పని నుంచి ఊడిపోయి, ఆడపిల్ల మెడ తనిఖీ చెయ్యడానికి మాత్రమే మిగిలితే, దాని వెల అంతా ఆ పిల్లే చెల్లిస్తుంది, పెద్దలు ఏమీ చెల్లించరు.

అందుచేత నేను అడిగేది ఒక్కటే. ఇవాళ మన మీద లోకపు పట్టు ఎక్కడుంది? ఏ ఆదివారం పత్రికలోనైనా పెళ్లి ప్రకటనల పుట తీయండి. క్రిస్టియన్ అన్న మాట పక్కన కులం పేరు కనబడుతుంది. మాల, మాదిగ, కమ్మ, రెడ్డి, అన్నీ ఉంటాయి. ఒకే బల్ల దగ్గర ఒకే రొట్టె విరిచిన రెండు కుటుంబాలు వియ్యమందడానికి కులం అడ్డు వస్తే, ఆ బల్ల దగ్గర ఏం జరిగింది? 1961లో ప్రభుత్వం నేరమన్న కట్నం, విశ్వాసుల ఇళ్లలో కానుక పేరుతో చేతులు మారుతూనే ఉంది. కాపరి ఆశీర్వదించే పెళ్లిలో ఆ లెక్క ముందురోజే తేలిపోయి ఉంటుంది. సంఘాల ఎన్నికలు, ఆస్తుల వ్యాజ్యాలు న్యాయస్థానాల్లో ఏళ్ల తరబడి నలుగుతున్నాయి. విశ్వాసానికి ప్రతిఫలంగా కారు, మేడ, వీసా వస్తాయని చెప్పే ప్రసంగం, 1877లో గంజి పేరుతో ఎవరినీ చేర్చుకోనని తలుపు మూసిన సంఘపు వారసులకు వినసొంపుగా ఉంది. నగ తీసెయ్యమని చెప్పే వేదిక ఎకరాలు అడిగే వరుడి తండ్రిని ఏమీ అనకపోతే, ఆ వేదిక మీద వేరుపాటు ప్రసంగం సాగుతుంది గాని వేరుపాటు సాగదు.

దీనికి ఎదురుగా ఒక గడ్డు ప్రశ్న ఉంది, దాన్ని తప్పించుకోను. వెల చెల్లించమని పేదలకే ఎందుకు చెబుతారు అన్నది ఆ ప్రశ్న. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు ఆ హోదాను మొదట హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చింది. క్రైస్తవ దళితులు ఇప్పటికీ బయటే ఉన్నారు. మన రాష్ట్రాల్లో వారికి వెనుకబడిన తరగతుల్లో సి వర్గం కింద దక్కేది ఒక శాతం. కాబట్టి ధ్రువపత్రంలో ఒక పేరు, సంఘపు పుస్తకంలో ఒక పేరు మోస్తూ బతికే కుటుంబాలున్నాయి. వారిని రెండు నాలుకలవారని నిందించే హక్కు, ఆ ఉత్తర్వు వల్ల ఏమీ నష్టపోని నాలాంటివారికి లేదు. మనస్సాక్షి మీద రాజ్యం పెట్టిన సుంకం అది. ఆ సుంకాన్ని ఎత్తెయ్యమని సంఘమంతా, అందులోని పైకులాల నుంచి వచ్చినవారు ముందుండి, గట్టిగా అడగాలి. అంతవరకు సంఘం ఆ కుటుంబాల బిడ్డల చదువులను తన భుజాన వేసుకోవాలి. అప్పుడే వారిని నిలబడమనే అర్హత దానికి వస్తుంది. పేరయ్య తరంలో ఒక కుటుంబానికి మేర ఆగిపోతే ఆ భారం దాని ఒక్కదాని మీదే పడనివ్వరాదన్న ఎరుక సంఘానికి ఉండవలసి వచ్చింది. వేరైనవాణ్ణి ఒంటరిగా వదిలేసే సంఘానికి వేరుపాటు బోధించే నోరు లేదు.

1878 జూలై 3న ఒంగోలుకు ఉత్తరాన, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో 2222 మంది బాప్తిస్మం పొందారు. క్లఫ్ ఆ రోజు నీళ్లలోకి దిగలేదు. ఆరుగురు తెలుగు బోధకులు, ఒకసారికి ఇద్దరు చొప్పున, వంతులు మార్చుకుంటూ ఆ పని పూర్తి చేశారు. ఆ సంఖ్యను మనం చాలా సభల్లో చెప్పుకున్నాం, శిలాఫలకాల మీద చెక్కుకున్నాం. ఆ సంఖ్య వెనుక ఒక చిన్న లెక్క ఉంది, దాన్ని ఎవరూ చెక్కలేదు. ఆ రోజు బుధవారం. తడిబట్టలు ఆరేసుకుని, వారు ఎవరి పల్లెలకు వారు నడిచి వెళ్లారు. కరువు వెనకబడి, పొలాల్లో మళ్లీ పని పుట్టే వేళ అది. అవే పల్లెలు, అవే పొలాలు, పొద్దున్నే కేక వేసే అవే గొంతులు. నాలుగు రోజులకు ఆదివారం వచ్చింది.